తిరిగి కట్టని మువ్వలు

నాలుగు మువ్వలు. నల్లదారానికి గుచ్చినవి. అరచేతిలో పెట్టుకుంటే ఒక నిమ్మకాయంత బరువు కూడా ఉండవు. పదకొండేళ్ళు వాటిని మోశాను. మోస్తున్నానని ఇంట్లో వాళ్ళకు తెలియదు, నాతో పనిచేసిన వాళ్ళకు తెలియదు, నాకు శాలువాలు కప్పిన పెద్దమనుషులకు అసలే తెలియదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో. ఎదురుగా తెలిసిన ముఖం ఉంటే నాకు మాట మధ్యలోనే ఆగిపోతుంది. అలా ఆగిపోయిన రోజులు చాలా ఉన్నాయి.

నేను మనసు జబ్బుల డాక్టర్ని. కర్నూల్లో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేశాను. ఏ ఆసుపత్రి, పేరేమిటి అని అడక్కండి. అడిగినా చెప్పను. అంత ధైర్యం ఇంకా రాలేదు. ఈ రాతలో కూడా కొంత పిరికితనం ఉంది, దాన్ని ముందే ఒప్పుకుంటున్నాను.

స్కిజోఫ్రీనియా మీద పరిశోధనే నా జీవితం. లేని గొంతులు వినిపించే జబ్బు అంటారు జనం. లేని గొంతులు అనడం సరికాదు. రోగిని స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి, గొంతు వినిపించినప్పుడల్లా చేతిలోని మీట నొక్కమంటాం. అతను నొక్కిన క్షణాన మెదడులో వినే చోటే వెలుగుతుంది. గదిలో ఎవరూ మాట్లాడి ఉండరు. అయినా నిజంగా మనిషి గొంతు విన్నప్పుడు ఏ చోటు పనిచేస్తుందో అదే చోటు పనిచేస్తూ ఉంటుంది. బెంగళూరులో చదువుకునే రోజుల్లో మొదటిసారి ఆ చిత్రం తెర మీద చూశాను. బూడిదరంగు మడతల మధ్య చిన్న నారింజరంగు మచ్చ. ఎవరి కలలోకో తొంగి చూస్తున్నట్టు అనిపించి చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. ఆ మచ్చ వెంటే నా వయసంతా పోయింది.

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. మాత్రలు మొదలుపెడితే మెదడు కొంత మారుతుంది. ఆ మార్పు జబ్బుదో మందుదో తేల్చడం కష్టం. అందుకని ఒక్క మాత్ర కూడా మింగని రోగి దొరికితే మాకు పండగ. అలాంటివాళ్ళు దొరకరు. మా దగ్గరికి వచ్చేలోపలే దర్గాలో తాయెత్తు, చర్చిలో ప్రార్థన, పక్కవీధి ఆరెంపీ ఇచ్చిన నిద్రమాత్రలు, అన్నీ అయిపోయి ఉంటాయి. తాయెత్తుతోనూ ప్రార్థనతోనూ నాకు ఇబ్బంది లేదు. నిద్రమాత్రలతోనే. అందుకని చుట్టుపక్కల డాక్టర్లందరికీ ఒక మాట చెప్పి పెట్టాను. కొత్త రోగి వస్తే మందు రాయకుండా నేరుగా నా దగ్గరికి పంపండి అని.

దావీదు అలా వచ్చాడు. పేరు మార్చాను. తల్లి పేరు ఎస్తేరమ్మ, అదీ మార్చిందే. కమలాపురం పక్కన ఒక పల్లె వాళ్ళది. కడపలో చూపించుకుంటే అక్కడి డాక్టరు నా మాట గుర్తుపెట్టుకుని కర్నూలుకు పంపాడు. అంత దూరం, ఎండాకాలం, నంద్యాల మీదుగా బస్సులు మారి వచ్చారు. వాడికి ఇరవై మూడేళ్ళు. నాపరాళ్ళు పాలిష్ పట్టే మిల్లులో పని. కనుబొమల మీద తెల్లటి రాతిదుమ్ము ఎప్పటిదో అలాగే ఉన్నట్టు ఉండేవాడు. ఆరు నెలలుగా చెవిలో ఎవరో నడువు, నడువు అంటున్నారని చెప్పాడు. వాళ్ళు అన్నప్పుడు లేచి నడిచేవాడు. ఒకసారి ఎర్రగుంట్లలో దొరికాడు, ఒకసారి ముద్దనూరు దాటాక దొరికాడు.

ఎస్తేరమ్మకు మొగుడు లేడు. ఉన్నది ఈ ఒక్క కొడుకే. కూలికి పోయి వచ్చిన మనిషి ఎంతసేపని కాపలా కాస్తుంది? కన్ను మూతపడుతుంది కదా. అందుకని, ఎప్పుడో అమ్మేసిన ఎద్దుల మెడపట్టీ చూరుకు వేలాడుతుంటే, దాంట్లోంచి నాలుగు మువ్వలు కోసి, నల్లదారానికి గుచ్చి వాడి కుడికాలికి కట్టింది. వాడు లేస్తే అవి మోగుతాయి. మోగితే ఆమె లేస్తుంది. మా వార్డులో కొందరు నవ్వారు. నేను నవ్వలేదు. ముప్ఫై ఏళ్ళలో నేను చూసిన వైద్యాల్లో అంత తెలివైనది ఇంకొకటి లేదు.

వాళ్ళు సోమవారం వచ్చారు. యంత్రం నాకు బుధవారం దొరుకుతుంది. మాత్ర ఎప్పుడిస్తారని ఆమె అడిగితే ముందు ఫోటో తీయాలన్నాను. ఫోటోతోనే నయమవుతుందని ఆమె అనుకుంది. అనుకుందని నాకు తెలుసు. ఒప్పుకుంటున్నట్టు వేలిముద్ర వేయించే కాగితంలో అన్నీ రాసే ఉన్నాయి, ఇది వైద్యం కాదు పరిశోధన అని, ఎప్పుడైనా వద్దనొచ్చు అని. రెండు పేజీలూ నేనే చదివి వినిపించాను, మా పుస్తకాల తెలుగులో, ఊపిరి తీసుకోకుండా. అలా చదివితే ఆమెకు ఏమీ అర్థం కాదని కూడా నాకు తెలుసు. చదివానా లేదా అంటే చదివాను. దాన్ని అబద్ధమని ఎవరూ అనలేరు. అలాంటి పనులు నేను బాగా చేసేవాణ్ణి.

బుధవారం ఉదయం వాణ్ణి యంత్రం గదికి తీసుకెళ్ళాను. లోపల పెద్ద అయస్కాంతం ఉంటుంది, ఇనుము దగ్గరికి రాకూడదు. మువ్వ ఇత్తడిదే, లోపలి గుండు ఇనుపది. తీయాల్సిందే. నేనే కింద కూర్చుని విప్పాను. ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. అంత గట్టి ముడి. గోరు విరిగింది నాది. విప్పినవాటిని కోటు జేబులో వేసుకున్నాను.

ఆ యంత్రం లోపల భయంకరమైన చప్పుడు. చాలామంది భయపడి బయటికి తీయమంటారు. దావీదు మాత్రం నవ్వుతూ వచ్చాడు.

“మా మిల్లు మాదిరే ఉండాది సార్ లోపల. శానా నెమ్మది” అన్నాడు.

తెర మీద చిత్రం చూశాను. మీట నొక్కిన ప్రతిసారీ ఆ నారింజ మచ్చ. నేను ఎన్నో ఏళ్ళుగా వెతుకుతున్నది అక్కడుంది. కానీ తల కొద్దిగా కదిలి అంచులు మసకబారాయి. యంత్రం నడిపే అబ్బాయి ఇది చాలేమో సార్ అన్నాడు. నాకు చాలలేదు. మధ్యాహ్నం నాలుగింటికి ఇంకోసారి తీద్దాం అన్నాను.

ఇక్కడే నేను ఆగిపోతుంటాను. ఇప్పుడు ఆగను.

దావీదు బల్ల మీద కూర్చుని కుడికాలు నా వైపు చాపాడు. ఊరికే చాపాడు, కట్టమన్నట్టు. జబ్బు అంత ముదిరిన మనిషి, చెవిలో అన్ని గొంతులు అరుస్తున్న మనిషి, ఆ మువ్వలు తన కోసమేనని తెలిసి కాలు చాపాడు. నేను వాడి మోకాలి మీద తట్టి, ఉండనీలే నాయనా, నాలుగింటికి మళ్ళీ విప్పాలి కదా, అన్నాను. మళ్ళీ ఆ ముడి విప్పడం నాకు బద్ధకం. అంతే. దానికి ఇంకే పేరూ లేదు. వాడు కాలు కిందికి దించుకున్నాడు.

తర్వాత నేను ఇంటికి భోజనానికి పోయాను. కోటు విప్పి కొక్కేనికి తగిలిస్తుంటే జేబులో గల్లుమంది. అయ్యో, వీటిని ఆమెకైనా ఇచ్చి రావాల్సింది అనుకున్నాను. అనుకుని, ఫ్యాన్ కింద నడుం వాల్చాను. బయట ఎండ తెల్లగా మండుతోంది. మగతలో ఆ చిత్రం ఇంకా కళ్ళ ముందే ఉంది. బూడిదరంగు మడతలు నీళ్ళు లేని వాగుల్లా సాగిపోతుంటే, వాటి వెంట ఎవరో నెమ్మదిగా నడుస్తున్నారు. ఎవరో అప్పుడు తెలియలేదు. హాయిగా నిద్రపట్టింది.

అదే సమయానికి ఎస్తేరమ్మ రోగుల బంధువులుండే రేకులషెడ్డు పక్కన, వేపచెట్టు నీడలో, సంచి తలకింద పెట్టుకుని ఒరిగింది. మూడు రోజులుగా ఆమెకు కంటి మీద కునుకు లేదు. కొడుకు పక్కనే కూర్చున్నాడు. పంచె అంచు కింద కాలికి ఏముందో ఆమె చూడలేదు. ఎందుకు చూస్తుంది? మనసు నిద్రపోయింది గానీ ఆమె చెవి మేలుకునే ఉందని నేను నమ్ముతాను. ఆ చెవి ఎదురు చూసిన శబ్దం నా కొక్కేనికి వేలాడుతోంది.

నాలుగింటికి నేను వెళ్ళేసరికి వాడు లేడు. ఐదింటిదాకా అందరం వెతికాం. అప్పుడు ఆమె వరండాలో నన్ను ఆపింది. ఆ మాటలు ఒక్కటీ మరిచిపోలేదు.

“సార్, పొద్దున మువ్వలు విప్పినారంట గదా. యాడ పెట్టినారు?”

“ఇచ్చినాం కదమ్మా. నీ సంచిలోనే వేసినాం, నువ్వు కట్టుకుంటావని.”

ఆమె సంచి నేల మీద బోర్లించింది. దువ్వెన, నల్లట్ట బైబిలు, బన్ను ప్యాకెట్టు, వాడి చొక్కా. ఒక్కొక్కటీ దులిపి చూసింది.

“ఈడ ల్యావు సార్.”

“ఎక్కడో జారిపోయుంటాయి. బాగా చూసుకో.”

ఆమె తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. “అయితే నేనే సార్” అంది. “నిద్రమబ్బులో ఉంటిని. కట్టల్యా. నేనే కట్టకుండా పండుకుంటి.”

అప్పుడు నా కుడిచేయి కోటు జేబులో ఉంది. మువ్వలు మోగకుండా పిడికిట్లో బిగించి పట్టుకుని ఉన్నాను. చేయి తీసి చాపితే చాలు. ఒక్క నిమిషం. ఇదిగోనమ్మా, నేనే మరిచిపోయాను, నీ తప్పు కాదు. అంత చిన్న మాట. ఎందుకు రాలేదు? పరిశోధన ఆపేస్తారని భయపడ్డానా? భయపడ్డాను. మందు ఎందుకు ఇవ్వలేదని అడుగుతారని భయపడ్డానా? అదీ నిజమే. కానీ ఆ వరండాలో ఇవేవీ నాకు తోచలేదు. అబద్ధం అలవాటైన దారిలా నోటికి వచ్చేసింది. పెద్ద చదువు చదువుకున్న వాణ్ణి కదా, ఆమె నన్ను నమ్ముతుందని నా నోటికి ముందే తెలుసు.

దావీదు దొరకలేదు. బస్టాండు, రైల్వేస్టేషను, పోలీసులు, అన్నీ అయ్యాయి. తుంగభద్రలో అప్పుడు నీళ్ళు లేవు, ఇసుకే. నీళ్ళు లేవు కాబట్టి ఎక్కడో బతికే ఉంటాడని ఎస్తేరమ్మ అంటుంది. నడుస్తూ ఉంటాడని అంటుంది. నేను తల ఊపుతాను.

ఇంకొకటి చెప్పాలి. ఆ మసకబారిన చిత్రాన్ని తర్వాత కంప్యూటర్లో సరిచేశాం. అంచులు బాగానే వచ్చాయి. రెండోసారి తీయాల్సిన అవసరమే లేకపోయింది. ఆ చిత్రమే నాకు పేరు తెచ్చింది. ఎన్ని సభల్లో చూపించానో లెక్కలేదు. తెర మీద దావీదు మెదడు గోడంత పెద్దదై వెలుగుతుంటే, చీకట్లో జనం చప్పట్లు కొట్టేవారు. నేను కర్ర పట్టుకుని ఆ నారింజ మచ్చను చూపిస్తూ, ఇది మందు తగలని మెదడు, చాలా అరుదు, అనేవాణ్ణి. దానికి మందు ఎందుకు తగలలేదో నాకొక్కడికే తెలుసు.

మా నాన్నకు కర్నూలు పాతబస్తీలో కిరాణా దుకాణం ఉండేది. గోడకు ఒక మేకు ఉండేది, గిరాకీలు మరిచిపోయిన వస్తువులు తగిలించడానికి. గొడుగు, చిన్నపిల్లల చెప్పు, ఎవరివో కళ్ళద్దాలు. ఆ కళ్ళద్దాలు మూడేళ్ళు వేలాడాయి. మూడేళ్ళ తర్వాత ఒక సాయిబు వచ్చి చూసి, అరె, నావే గదప్పా, అని తీసుకుపోయాడు. నాన్న చాలా రోజులు ఆ సంగతి అందరికీ చెప్పుకుని మురిసిపోయాడు. ఆ ఇంట్లో పుట్టిన నేను మువ్వలను ఆసుపత్రిలో నా బల్ల సొరుగు అడుగున, పాత కాగితాల కింద దాచాను. తాళం వేశాను.

అసలు తప్పు ఇది కూడా కాదంటే మీరేమంటారో. అసలు తప్పు తర్వాత మొదలైంది.

ఏడాది తిరక్కుండా ఎస్తేరమ్మ రోగిగా నా దగ్గరికి వచ్చింది. కడపలో చూపించుకోవచ్చు కదమ్మా అంటే, మా పిల్లోణ్ణి చూసిన సారు మీరే గదా అంది. ఆమెకు ముడుల జబ్బు పట్టింది. మేకను గుంజకు కట్టి నాలుగడుగులు వేస్తుంది, కట్టానో లేదో అని వెనక్కి వస్తుంది. మళ్ళీ నాలుగడుగులు, మళ్ళీ వెనక్కి. గడ్డిమోపు ముడి, సంచిమూతి ముడి, తలుపు గొళ్ళెం, అన్నీ అంతే. ఒకటికి ఇరవైసార్లు తాకి చూస్తాండా సార్, నా చేతులను నేను నమ్మల్యాకుండా ఉండా, అని చెప్పింది. వేళ్ళ చివర్లు కాయలు కాసి ఉన్నాయి.

ఆ జబ్బుకు మా పుస్తకాల్లో పేరుంది, మందు ఉంది. రాశాను. మూడు నెలలకొకసారి ఆమె వచ్చేది, నేను రాసేవాణ్ణి. తగ్గకపోతే మోతాదు పెంచేవాణ్ణి. పదేళ్ళు. ఆమెకు కావాల్సిన మందు బల్ల సొరుగులో, ఆమె మోకాళ్ళకు మూరెడు దూరంలో ఉండేది. నేను పెట్టిన జబ్బుకు నేనే చీటీ రాసి, వేళకు వేసుకో అమ్మా అని జాగ్రత్తలు చెప్పి పంపేవాణ్ణి. వచ్చినప్పుడల్లా చీటీ సంచిలో పెట్టుకుని, సంచి ముడి వేసి, నా ముందే మళ్ళీ మళ్ళీ తాకి చూసుకునేది. చూసి సిగ్గుపడి నవ్వేది. ఆ నవ్వు చూడలేక నేను తరవాతి రోగిని పిలిచేవాణ్ణి.

ఒకసారి రోగుల చిత్రాలతో పోల్చడానికి పరీక్షకు ఒప్పుకున్న ఆరోగ్యవంతుడు రాకపోతే అతని బదులు నేనే యంత్రంలో పడుకున్నాను. చేతిలో మీట. ఏదైనా గొంతు వినిపిస్తే నొక్కాలి, మామూలు మనుషులకు వినిపించదు. కళ్ళు మూసుకున్నాను. చప్పుడు మొదలైంది. దావీదు అన్నది నిజమే, కాసేపటికి ఆ చప్పుడులో ఒక నెమ్మది ఉంది. తెల్లటి దుమ్ములో, ఎండలో తేలుతున్నట్టుంది. అప్పుడు వినిపించాయి. దూరంగా, ఒక అడుగుకొకసారి, నాలుగు మువ్వలు. దగ్గరికి రావడం లేదు, దూరంగా పోవడం లేదు. నేను మీట నొక్కలేదు. నా చిత్రం ఆరోగ్యవంతుల జాబితాలో చేరింది. తెర మీద ఆ చోటు వెలిగిందో లేదో నేను ఇప్పటికీ తీసి చూడలేదు.

ఈ ఏడు రిటైరయ్యాను. గది ఖాళీ చేస్తూ సొరుగు తీస్తే దారం కాస్త చివికింది గానీ మువ్వలు అలాగే ఉన్నాయి. చేతిలోకి తీసుకోగానే మోగాయి. ఎస్తేరమ్మ తరవాతి చూపుకు వచ్చేనాటికి నా కుర్చీలో ఇంకెవరో ఉంటారు, ఆమె మందు రాస్తారు, ఆమె చచ్చేదాకా తన చేతులను తిట్టుకుంటూ ఉంటుంది. ఆ ఆలోచన వచ్చాక ఇక అక్కడ నిలబడలేకపోయాను. మరునాడు పొద్దున్నే బస్సెక్కాను.

కమలాపురంలో దిగి అడుగుతూ పోయాను. ఇంటి ముందు చిన్న ఆవరణ, కంపతో అల్లిన తడిక. మేకకు ఆకు వేస్తోంది. నన్ను చూసి కంగారుపడి మంచం వాల్చింది. నేను కూర్చోలేదు. మువ్వలు ఆమె చేతిలో పెట్టాను. పెట్టి అంతా చెప్పాను. మందు ఇవ్వకుండా ఆపిన సంగతి, ఫోటో నా కోసమన్న సంగతి, రెండో ఫోటో అక్కరలేదన్న సంగతి, జేబులో పిడికిలి సంగతి. ఈసారి ఆమెకు తెలిసిన తెలుగులో చెప్పాను, ఆగి ఆగి. నీ చేతుల తప్పు లేదమ్మా, నీకు మువ్వలు ఇవ్వనే లేదు, అన్నాను.

ఆమె మువ్వలను అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది. ఏడవలేదు. మేక ఆకు నములుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆఖరికి ఒక్కటే అడిగింది.

“వాడు కాలు చాపినాడా సార్?”

“చాపినాడమ్మా. కట్టమని చాపినాడు.”

తల ఊపింది. ఇంట్లోకి పోయి కొత్త దారం తెచ్చింది. మువ్వలు దానికి గుచ్చి, తడిక పైకొసకు కట్టింది. ఒక్క ముడి. వేసి, చేతులు చీరకు తుడుచుకుని, మేక దగ్గరికి పోయి కూర్చుంది. నేను చూస్తూనే ఉన్నాను. వెనక్కి రాలేదు. తాకి చూడలేదు. పదేళ్ళ మందులు చేయలేనిది నా కళ్ళ ముందు జరిగింది. దానికి సంతోషించే హక్కు నాకు లేదని తెలిసి కూడా సంతోషించాను.

క్షమించానని ఆమె అనలేదు. నేను అడగలేదు. పోయి రమ్మని కూడా అనలేదు. పోవాలంటే ఆ తడిక తీయాలి. తీశాను. మువ్వలు మోగాయి. ఆమె గబుక్కున తల తిప్పి చూసింది.

నేనే.

మళ్ళీ మేక వైపు తిరిగింది.

ఇది జరిగి నెలయింది. ఆమె ఎవరికీ చెప్పదు, ఆ మనిషి తీరు అది. చెప్పకపోతే ఇది మళ్ళీ ఏదో ఒక సొరుగులోకి పోతుంది. అందుకే రాస్తున్నాను. ఆ రోజు తిరుగు బస్సులో, ఎర్రగుంట్ల దాటాక, అలవాటుగా జేబులో చేయి పెట్టాను. ఏమీ లేదు. వేళ్ళకు టికెట్టు ఒక్కటే తగిలింది. కిటికీలోంచి రోడ్డు పక్కన నడిచే ప్రతి మనిషినీ చూస్తూ కర్నూలు చేరాను.